ఆటోక్లేవ్‌లోంచి (ఆవిరితో పనిముట్ల మీది క్రిములను చంపే మెషిన్) పౌచులు తడిగా వస్తున్నయి, ఏం చేయాలె?

నల్లగొండలో చిన్న డెంటల్ క్లినిక్. పనిముట్లను ఎంజైమ్ ద్రావణంలో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, కడిగి, ఆరినంకనే కాగితం పౌచుల్లో సీల్ చేస్తున్నం. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 30 నిమిషాలు. ఇండికేటర్ (వేడి సరిగ్గా తగిలిందని చూపే గుర్తు) రంగు మారుతుంది గానీ పౌచులు తడిగానే వస్తున్నయి. తడి కాగితంలోంచి క్రిములు లోపలికి పోతయి, అంటే పని మళ్లీ మొదటికే. పౌచులు ఒకదానిమీద ఒకటి పడకుండా నిలువుగా పెడితే కొంచెం నయం. ఆరబెట్టే సైకిల్ లేని పాత మెషిన్ ఇది.

ఇంకోటి, ఫోర్సెప్స్ (పట్టుకారు) కీలు దగ్గర గోధుమరంగు చుక్క. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోయింది, కింద గుంత లేదు. కాబట్టి తుప్పు కాదు, మరకే. స్కేలర్ల (పళ్ల గార తీసే పనిముట్లు) మీదేమో తెల్లటి పొర. ఛాంబర్‌లో డిస్టిల్డ్ నీళ్లే పోస్తున్నం, ఆఖరి కడుగుడు మాత్రం బోరు నీళ్లతో. మన దిక్కు బోరు నీళ్లల్ల ఉప్పులు ఎక్కువని తెలిసిందే కదా! అది కూడా డిస్టిల్డ్ చేస్తే సరిపోతదా? ఒత్తిడి పూర్తిగా దిగినంక మూత ఓరగా తీసి ఎంతసేపు ఉంచాలె? హ్యాండ్‌పీసుల (పన్ను డ్రిల్ చేసే పరికరాలు) కోసం ఎట్లైనా బి క్లాస్ మెషిన్ (లోపలి గాలిని పంపుతో లాగేసే ఆటోక్లేవ్) తీసుకోవాలె, అప్పటిదాకా ఎట్ల నెట్టుకురావాలె?