నల్లా నీళ్లకు క్లోరిన్ వాసన లేదు, తాగొచ్చా?

ప్రశ్న: రెండు రోజులకోసారి వచ్చే మున్సిపల్ నీళ్లు. మొదట కాసేపు మురుగు వాసన, క్లోరిన్ వాసన అసలు లేదు.

జవాబు 1: వాసనతో తేల్చకండి. ఓటీ కిట్ (నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూసే ఆర్థోటోలిడిన్ కిట్) గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, కిట్‌లోని ద్రావణం చుక్కలు వేయండి (ఎన్నో కిట్ మీదే ఉంటుంది). పసుపు రంగు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములుండాలి. సంపు నీళ్లు వద్దు, నేరుగా నల్లావే పట్టండి. నిల్వలో క్లోరిన్ తగ్గిపోతుంది.

జవాబు 2: అసలు సంగతి ఆ మురుగు వాసన. సరఫరా ఆగితే పైపులో ఒత్తిడి పడిపోయి, పగిలిన చోట డ్రైనేజీ నీళ్లు లోపలికి చేరతాయి. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే మరీ ఘోరం. లీకు సరిచేసేదాకా మరిగించే తాగండి. బాగా మసలడం మొదలయ్యాక 1 నిమిషం చాలు.

జవాబు 3: మరిగిస్తే ఫ్లోరైడ్ మాత్రం పోదు, ఇంకా చిక్కబడుతుంది. నల్లగొండ వైపు బోరు నీళ్లు కలుస్తుంటే అది విడిగా పరీక్ష చేయించాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము హద్దు, గత్యంతరం లేకపోతే 1.5.