ఏ పనుల్లో ఎండ, చలి ప్రాణం మీదికి తెస్తాయి? తెలిసినవాళ్లు చెప్పండి

కొత్తసభ్యుడు:
మా తమ్ముడు సోమవారం నుంచి స్లాబు పనికి వెళ్తున్నాడు. ఇన్నాళ్లూ ఏసీలో కూర్చుని చేసిన ఉద్యోగం. 24 ఏళ్లు, గట్టివాడు. ఏ పనుల్లో ప్రమాదం ఎక్కువ? చలిలో చేసే పనులూ అంతేనా? నీళ్లు ఎన్ని తాగాలి?

సెంట్రింగ్_మేస్త్రి:
గట్టివాడు అన్నారు చూడండి, నా భయం అక్కడే. నా దగ్గర పోయిన కుర్రాడూ గట్టివాడే. పనిలో చేరిన రెండో రోజు. వెనకబడితే నామోషీ అని పాతవాళ్లతో సమానంగా ఇనుము మోశాడు. మూడింటికి మాట తడబడింది. నిద్ర చాల్లేదేమో అనుకున్నా. సాయంత్రానికి లేడు. ఒంటికి వేడి అలవాటు పడాలంటే వారం, రెండు వారాలు పడుతుందని నాకు అప్పుడు తెలీదు. ఇప్పుడు కొత్తవాళ్లకి మొదటి రోజు ఐదో వంతు పనే, తర్వాత రోజుకింత పెంచుతా.

బట్టీ_దగ్గర:
అందరూ ఎండ అంటారు. ఫౌండ్రీలో మా మీద ఎండ పొడే పడదు. ఉక్కపోత రోజున చెమట కారుతుంది కానీ ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. గోడకున్న థర్మామీటరు 34 చూపిస్తే సూపర్‌వైజరు "ఇదేం వేడి" అంటాడు. షెడ్డు లోపల ఉక్కపోతను పట్టే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరుకి 70 శాతం, బట్టీ సెగను పట్టే నల్లగోళంలోని థర్మామీటరుకి 30 శాతం లెక్కేసి చూడాలి.

సేఫ్టీ_15ఏళ్లు:
అనవసరంగా భయపెట్టకండి. చెమట పడుతున్నంతసేపు అది వడదెబ్బ కాదు. చెమట ఆగి ఒళ్లు పొడిబారితేనే ప్రమాదం. పదిహేనేళ్ల అనుభవంతో చెబుతున్నా, సర్టిఫికెట్ కూడా ఉంది.

ఎమర్జెన్సీ_నర్సు:
తప్పు సార్. పొడి ఒళ్లు ఎక్కువగా ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లలో కనిపిస్తుంది. పని చేస్తూ కూలినవాళ్లు చాలాసార్లు చెమటతో తడిసిముద్దయి వస్తారు. ఒంటి లోపలి వేడి 40 దాటి, మనిషి తికమకగా మాట్లాడితే అది వడదెబ్బే. అంబులెన్సు కోసం చూస్తూ కూర్చోకుండా మెడదాకా చల్లటి నీళ్లలో ఉంచండి. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి.

సేఫ్టీ_15ఏళ్లు:
మాకు ట్రైనింగులో నేర్పిందే చెప్పాను. మీరు ఆసుపత్రిలో చూస్తారు, నేను సైటులో చూస్తా.

సెంట్రింగ్_మేస్త్రి:
సైటులోనే చూశాను సార్. ఆ కుర్రాడి చొక్కా పిండితే నీళ్లు కారాయి. చెమట పడుతోంది కదా అనే నీడలో పడుకోబెట్టి వదిలేశాం. దయచేసి ఆ మాట ఇంకెవరికీ చెప్పకండి.

పార్సిల్_బండి:
నీళ్లున్నాయి, నీడుంది. ఆగితే కూలి పోతుంది. పీసు లెక్కన పని చేసేవాడికి విశ్రాంతి తీసుకో అంటే ఏం లాభం? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 నివేదికలో, పనిచోట వేడి వల్ల ఏటా 18,970 మంది చనిపోతున్నారని అంచనా వేశారు. వాళ్లలో ఎంతమంది ఆగలేక పోయారో!

ఎమర్జెన్సీ_నర్సు:
నీళ్ల సంగతి: 15-20 నిమిషాలకో గ్లాసు. గంటకి లీటరున్నర దాటొద్దు, రక్తంలో ఉప్పు తగ్గిపోతుంది.

వలపడవ:
చలి గురించి అడిగితే ఒక్కరూ పలకలేదు. గడ్డకట్టి చస్తామనుకుంటారు, అంతదాకా రానే రాదు. చల్లటి నీళ్లలో పడ్డ మొదటి నిమిషంలోనే మనకు తెలీకుండా ఊపిరి ఎగపీలుస్తాం, నీళ్లు లోపలికి పోతాయి. తర్వాత పది నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి. లైఫ్‌జాకెట్ పడవలో కాదు, ఒంటి మీదుండాలి. మా మామ జాకెట్ సీటు కింద దొరికింది.

కొత్తసభ్యుడు:
మేస్త్రిగారూ, మీరు చెప్పింది తమ్ముడి కాంట్రాక్టరుకి చెప్పాను. మొదటి రోజు నుంచే పూర్తి పని చేస్తేనే రమ్మన్నాడు. వద్దంటే వీడు వినట్లేదు. సోమవారం వాడితో నేనూ వెళ్తున్నా.