పెండ్లి పత్రికలో ‘చి.ల.సౌ.’ అంటే ఏమిటి?

హన్మకొండ తండ్రి: మా అమ్మాయి పెండ్లి పత్రిక ప్రూఫు వచ్చింది. అబ్బాయికి ‘చి.’ అనీ, అమ్మాయికి ‘చి.ల.సౌ.’ అనీ వేశారు. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని తెలుసు గానీ, పెండ్లి కాకముందే సౌభాగ్యవతి ఎట్లా అవుతుంది? నాన్నగారు లేరు, అమ్మ పేరుకు ముందు ఏమి వేయించాలి?

కరీంనగర్ సంస్కృతోపాధ్యాయుడు: ముప్పై ఏండ్లు సంస్కృతం బోధించినవాడిగా చెబుతున్నాను. ‘చిరంజీవి’ పుంలింగ రూపం. స్త్రీకి ‘చిరంజీవిని’ అనాలి. అచ్చయ్యే పత్రికలన్నీ తప్పులే.

వరంగల్ ప్రెస్సు: మీరన్నట్టు వేస్తే అచ్చుతప్పని పత్రికలు వాపసు తెస్తారు, నష్టం నాకు. తెలుగులో కూతురికి ఉత్తరం రాసినా ‘చిరంజీవి’ అనే మొదలుపెట్టేవారు.

కరీంనగర్ సంస్కృతోపాధ్యాయుడు: వాడుకలో ఉన్నంత మాత్రాన తప్పు ఒప్పు కాదు.

వరంగల్ ప్రెస్సు: మరి మీ ఇంటి పత్రికలో ఏమి వేయించారు సార్?

ఆదిలాబాద్ పాఠకుడు: మా ఇరుగుపొరుగు మరాఠీవారు ‘చి.సౌ.కాం.’ అని వేయిస్తారు. సౌభాగ్యకాంక్షిణి, అంటే సౌభాగ్యాన్ని కోరుకునేది. పెండ్లికి ముందు పంచే పత్రికకు అదే సరిపోతుంది; మనవాళ్లు ముందుగానే దీవించేశారు.

జనగామ కోడలు: వ్యాకరణం సరే, ఆ తల్లి సంగతి ఒక్కరైనా పట్టించుకున్నారా? మామయ్య పోయాక ఆయనకు ‘కీ.శే.’, అంటే కీర్తిశేషులు, చేరింది. మా అత్తమ్మకు మాత్రం ‘గం.భా.స.’ తగిలించారు. గంగా భాగీరథీ సమానురాలట. ఆమె పత్రికలు ఊరంతా పంచింది గానీ పుట్టింటికి ఒక్కటీ పంపలేదు. భార్య పోయిన మగవాడికి ఇటువంటి పొడి అక్షరాలు ఏవైనా ఉన్నాయా?

కరీంనగర్ సంస్కృతోపాధ్యాయుడు: గంగతో పోల్చడం గౌరవమే కదమ్మా.

జనగామ కోడలు: ఆ గౌరవం మీరే ఉంచుకోండి. 2023లో మహారాష్ట్ర మంత్రి ఒకరు ‘వితంతువు’ అనే మాటకు బదులు ‘గంగా భాగీరథి’ అనాలని ప్రతిపాదిస్తే, అక్కడ ఎంత వ్యతిరేకత వచ్చిందో గుర్తు చేసుకోండి.

పరకాల విశ్రాంత ఉద్యోగి: మా తాతగారికి వచ్చే ఉత్తరాలపై ‘మ.రా.రా.శ్రీ’, అంటే మహారాజరాజశ్రీ, అని ఉండేది. తాతగారికి ఉన్నది రెండెకరాలే. మగవారి ఆ బిరుదు ఎప్పుడో జారిపోయింది, ఆడవారి ముద్రలు మాత్రం పత్రికల్లో నిలిచాయి.

హన్మకొండ తండ్రి: అమ్మకు చదివి వినిపించాను. ‘శ్రీమతి’ చాలునంది. అమ్మాయికి ‘చి.ల.సౌ.’ అట్లాగే ఉంచాను.

కరీంనగర్ సంస్కృతోపాధ్యాయుడు: ‘చిరంజీవిని’ సంగతి?