మాడియా ఊళ్లలో బాలింతలతో సర్వే, సర్పంచ్ సంతకం సరిపోతుందా?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి రాస్తున్నాను. ప్రాజెక్టు కోసం భామ్రాగడ్ వైపు మాడియా గోండు ఆదివాసుల ఊళ్లలో గర్భిణులు, బాలింతలతో మాట్లాడాలి. సర్పంచ్ సంతకం పెట్టించుకుని మొదలుపెట్టమని గైడ్ అంటున్నారు, నాకు మనసొప్పట్లేదు. ఆస్ట్రేలియాలో ఆదివాసులపై పరిశోధనకు వేరే నియమాలున్నాయట, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1: ఉన్నాయి తమ్ముడూ. అక్కడ ఆదివాసులపై అధ్యయనాలు చూసే ఎయాట్సిస్ (AIATSIS) సంస్థ 2020లో తెచ్చిన నియమావళి ప్రకారం పరిశోధనలో ఆదివాసుల నాయకత్వం ఉండాలి, దానివల్ల వాళ్లకు మేలు జరగాలి. అంటే ప్రశ్నలు రాసేటప్పుడే వాళ్లుండాలి. బ్రిస్బేన్‌లో ఆదివాసుల సొంత ఆరోగ్య సంస్థలు ఆసుపత్రితో కలిసి నడిపిన ప్రసూతి సేవల్లో నెలలు నిండని కాన్పులు తగ్గాయి కూడా.

జవాబు 2: రాయగడలో ఏఎన్ఎమ్‌గా చేస్తున్నాను. ముందు గ్రామసభలో చెప్పండి, తర్వాత మంత్రసానిని కలవండి, ఆమె కాదంటే ఏ ఇంట్లోనూ నోరు విప్పరు. స్టాంపు ప్యాడ్ తీయగానే రేషన్‌కో పట్టాకో అనుకుని వేలు చాచేస్తారు, దాన్ని ఒప్పుకోలు అనుకోకండి, ఎందుకు అడుగుతున్నామో వాళ్ల భాషలో చెప్పి, ఇంట్లో మాట్లాడుకోవడానికి టైమిచ్చి, మళ్లీ వెళ్లండి. బిడ్డ పోయిన తల్లిని అత్తగారి ముందు అస్సలు అడగొద్దు!

జవాబు 3: మీ గడ్చిరోలిలోనే డాక్టర్ రాణీ బంగ్ గారి పని చూడండి. 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆమె అధ్యయనంలో రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే 92 శాతం మందికి స్త్రీ సంబంధ వ్యాధులున్నాయి. ఊరు నమ్మకపోతే అన్ని పరీక్షలకు ఎవరొస్తారు? మీరు కూడా ఫలితాలు తీసుకెళ్లి ముందు ఆ ఊళ్లోనే చెప్పండి, గైడ్‌కి తర్వాత.