పాత క్యారవాన్ కొన్నాం, సీట్ల వాసన వదలడం లేదు

గన్నేరుపూలు:
నమస్తే అండీ. మాది సైనిక్‌పురి. మే నెలలో ఒక పాత టెంపో ట్రావెలర్ కొన్నాం, 2016 మోడల్. మొదటి ఓనరు లోపల రెండు సోఫా కమ్ బెడ్లు, చిన్న వంటగట్టు, సింకు, వెనక మూల టాయ్‌లెట్ పెట్టించుకున్నారు. మా అమ్మకి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. దారిలో బాత్రూం ఎలా అన్న దిగులుతో నాలుగేళ్లుగా ఎక్కడికీ రానంటోంది. ఆవిణ్ణి శ్రీశైలం తీసుకెళ్లాలనే ఇది కొన్నాం.

బండి చూడ్డానికి వెళ్లింది మిట్టమధ్యాహ్నం. తలుపులన్నీ బార్లా తీసి ఉంచారు, ఏ వాసనా తెలియలేదు. మొదటి వాన పడిన మర్నాడు తలుపు తీస్తే, ముక్కిపోయిన బియ్యం డబ్బా మూత తీసినట్టు గుప్పుమంది. ఆ వాసన వెనకే సిగరెట్టు కంపు, ఎప్పుడో వేయించిన చేపల నీచు. అమ్మ ఒక మెట్టెక్కి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దిగిపోయింది. "మీరు వెళ్లి రండమ్మా, నేను ఇంట్లో ఉంటాలే" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కార్ వాష్ వాళ్లతో సీట్లకి షాంపూ చేయించాను. రెండ్రోజులకి వాసన ఇంకా పెరిగింది. సెంటు సీసాలు పెట్టాను. అమ్మే పాపం సాంబ్రాణి వేసింది, ఇప్పుడు కర్టెన్ల నిండా పొగ వాసన. సీట్లు బూడిద రంగు వెల్వెట్ లాంటి గుడ్డ, లోపల 5 అంగుళాల స్పాంజి. మొత్తం కొత్తగా చేయించాలంటే 45 వేలు అడిగారు. అంత అవసరమా? శుభ్రం చేస్తే పోయేదేనా? ఎలా తేల్చుకోవాలో చెప్పండి.

సీటుపని మల్కాజిగిరి:
అక్కా, పైసలు ఎవ్వరికి ఇయ్యకుండ్రి ఇప్పుడే. నేను ఇరవై ఏండ్ల సంది సీట్ల పని చేస్తున్న. వాసన గుడ్డల కంటే స్పాంజిల ఎక్కువుంటది, స్పాంజి కంటే దాని కింది ప్లైవుడ్డుల ఎక్కువుంటది. షాంపూ కొట్టినోళ్లు నీళ్లు లోపలికి దించిన్రు, గుంజలేదు. వానకాలంల 5 అంగుళాల స్పాంజి నడిమిట్ల ఎప్పుడు ఆరాలె?

జిప్పులు ఇప్పి స్పాంజి బయటికి తీయుండ్రి. రెండు చేతులతోటి ఒత్తి ముక్కు దగ్గర పెట్టుకోండ్రి. గోధుమ రంగు మరకలున్నా, నల్ల చుక్కలున్నా అది పారేయాలె, బూజు లోపలిదాక పోయినట్టే. తెల్లగుంటే, ఒత్తి ఇడిస్తే పైకి లేస్తే మంచిగున్నట్టు, రెండు రోజులు ఎండల నిలబెట్టండ్రి. తర్వాత ప్లైవుడ్డును స్క్రూడ్రైవర్‌తోటి పొడిచి చూడండ్రి. దిగబడితే నీళ్లు యాడికెల్లో వస్తున్నయి. ఆ పొక్క దొరకకుండ కొత్త సీట్లు చేయించినా వచ్చే వానకు మళ్ల ఇదే కథ.

కాఫీపొడి:
ఓజోన్ మెషిన్ అద్దెకి తెచ్చి రెండు గంటలు పెట్టెయ్యండి, ఏ వాసనైనా పోతుంది.

ఘాట్‌రోడ్డు:
పెద్దావిడ ఎక్కే బండి కదండీ, ఓజోన్ జోలికి వెళ్లొద్దనే నా సలహా. అది ఊపిరితిత్తులకి హాని చేసే వాయువు. తలుపుల రబ్బర్లు కూడా దానికి పగుళ్లిస్తాయి. పైగా తడిసిన ప్లైవుడ్ తడిగానే ఉంటుంది.

లీకు పట్టడం ఇలా: కిటికీల కింద, రూఫ్ వెంట్ కింద పాత న్యూస్‌పేపర్లు పరచండి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపుతో నీళ్లు పట్టాలి. కింద నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి రావాలి. ముందే పైన పోస్తే ఆ నీళ్లు కిందికి కారి, ఎక్కడ దిగుతున్నాయో తెలియదు.

చేపల నీచుకి తెల్ల వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి వంటగట్టు, దాని పక్క గోడలు తుడవండి. నీచు క్షార గుణం ఉన్నది, పులుపు దాన్ని విరిచేస్తుంది. మనం చేపలు కడిగేటప్పుడు నిమ్మకాయ పిండేదీ అందుకే. గుడ్డ సీట్ల మీద, పూర్తిగా ఆరాక వంట సోడా చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున వ్యాక్యూమ్ పట్టండి. సిగరెట్టు జిడ్డు ఎక్కువగా సీలింగుకి పడుతుంది, చాలామంది అది వదిలేసి సీట్లే రుద్దుతారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: వెనిగర్ వాడినచోట బ్లీచింగ్ వాడకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

సింకు కింద వంపు పైపులో నీళ్లు ఎండిపోయినా మురికినీళ్ల ట్యాంకు కంపు పైకి తంతుంది. ఒక గ్లాసు నీళ్లు పోసి చూడండి.

గన్నేరుపూలు:
అందరికీ చాలా థ్యాంక్సండీ. పదకొండు రోజులు పట్టింది, జరిగింది చెప్తాను.

నాలుగు స్పాంజిల్లో మూడు తెల్లగానే ఉన్నాయి. ఎడమ సోఫా వెనక ముక్క తిప్పితే, చాపమీద టీ ఒలికి ఎండినట్టు ఒకదానిలో ఒకటి గోధుమ రంగు వలయాలు. ఎన్ని వానలు తాగిందో! దాని కింద ప్లైవుడ్‌లో స్క్రూడ్రైవర్ వెన్నలో దిగినట్టు దిగింది. నీళ్లు పడుతుంటే లోపల నేను కూర్చున్నాను. మా ఆయన పైపు కిటికీ పై అంచుకి తెచ్చేసరికి మూలనుంచి ఒక చుక్క జారి పేపర్ మీద టప్పున పడింది. అది చూసి నేనరిచిన అరుపుకి పక్కింటివాళ్లు బయటికొచ్చారు. బీడింగ్ ఊడదీసి, ఎండిపోయిన సిలికాన్ గీకి, కొత్త సీలెంట్ వేయించాం. బోయిగూడ టింబర్ డిపోలో నీళ్లకి ఆగే 710 గ్రేడ్ ప్లైవుడ్ ముక్క కోయించుకొచ్చాం. స్పాంజి ఒక్కటే కొత్తది, 40 డెన్సిటీ. ఖర్చంతా కలిపి 9 వేలు దాటలేదు. మల్కాజిగిరి తమ్ముడూ, నువ్వు ఆపకపోతే 45 వేలు పోసి తడి చెక్క మీదే కొత్త సీట్లు వేయించేదాన్ని.

సీలింగ్ తుడిస్తే బకెట్లో నీళ్లు డికాషన్ రంగుకొచ్చాయి. సింకులో గ్లాసు నీళ్లు పోయడంతో ఆ కంపు అదే రోజు పోయింది.

నిన్న రాత్రి పెద్ద వాన కురిసింది. పొద్దున్నే తలుపు తీసి అమ్మని పిలిచాను. ఎక్కింది, కూర్చుంది, సీటు గుడ్డ చేత్తో నిమిరి చూసింది. "శ్రీశైలం దారిలో మన్ననూరు అడవి చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదింటికే మూసేస్తారటగా, పొద్దున్నే బయల్దేరదాం" అంది.

ఒక్కటి మిగిలింది. ఏసీ వేయగానే మొదటి రెండు నిమిషాలు సిగరెట్టు వాసన ఇంకా వస్తోంది. ఘాట్‌రోడ్డు గారూ, కాయిల్ మీద పేరుకుని ఉంటుందా? పైన కవరు విప్పి మనమే కడుక్కోవచ్చా, మెకానిక్‌నే పిలవాలా?