రిడ్యూస్, డిక్రీజ్, డిక్లైన్: అన్నిటికీ ‘తగ్గు’ ఒక్కటే చాలా?

పొడుగుసందు:
పోయిన నెల అమ్మ వాకిట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో సరిచేసి, పిండికట్టు వేసి, ఇంటికి పంపేటప్పుడు ఇంగ్లీషులో ఓ కాగితం చేతిలో పెట్టారు. అందులో ‘క్లోజ్డ్ రిడక్షన్’ అని ఉంది. నేను ఆఫీసులో ఉన్నాను. మా అబ్బాయి ఆ కాగితాన్ని ఫోనులో తెలుగులోకి మారిస్తే ‘మూసిన తగ్గింపు’ అని వచ్చిందట. అమ్మ సాయంత్రం దాకా ఆ కట్టు వంకే చూస్తూ కూర్చుంది. నేను చెప్పులు విప్పకముందే, “ఎముక తగ్గించారటరా, చెయ్యి పొట్టిదైపోతుందా?” అంది.

ఎముకల వైద్యంలో రిడక్షన్ అంటే పక్కకు జరిగిన ముక్కల్ని మళ్లీ వాటి చోటికి తేవడం. కోత పెట్టకుండా పైనుంచే లాగి సరిచేస్తే అది క్లోజ్డ్. అందులో తగ్గించడమన్న మాటే లేదు.

అమ్మకు సర్దిచెప్పాను గానీ అప్పట్నుంచి బుర్రలో పురుగు తొలుస్తోంది. ఇంగ్లీషు వాళ్లకు డిక్రీజ్, రిడ్యూస్, డిక్లైన్, డిమినిష్, డ్విండిల్, అబేట్, సబ్‌సైడ్, కర్టైల్ ఉన్నాయి. మనం దేనికైనా ‘తగ్గు’ అనేసి ఊరుకుంటున్నాం. మాటలు లేకనా, ఉన్నవి వాడకనా? నేనైతే రెండోదే అంటాను.

డెస్కు పాతకాపు:
అమ్మగారికి త్వరగా నయం కావాలి. మీ వాదన మాత్రం ఒప్పుకోను. పత్రికలో ఏజెన్సీ వార్తలు తెలుగు చేస్తూ ఇరవయ్యేళ్లు గడిపాను. ‘తగ్గు’ బీద మాట కాదు సార్. ఇంగ్లీషు డిక్రీజ్‌కి తానుగా తగ్గడం, ఒకరు తగ్గించడం రెండూ ఒకటే రూపం. మనకు తగ్గింది వేరు, తగ్గించారు వేరు. ‘సిబ్బంది తగ్గారు’ అని రాస్తే ఎవరూ బాధ్యులు కారు, ‘సిబ్బందిని తగ్గించారు’ అంటే యాజమాన్యం పేరు చెప్పాల్సి వస్తుంది. ఒక్క ‘ఇంచు’తో ఎంత తేడా వచ్చిందో చూడండి. జ్వరం తగ్గినా, ధర తగ్గినా, కోపం తగ్గినా వినేవాడికి ఏ తగ్గడమో తెలుస్తూనే ఉంటుంది. డిమినిష్‌కి ఒకటి, డ్విండిల్‌కి ఒకటి వెతుక్కుంటూ పోతే చివరికి ‘క్షీణించు’ దగ్గర తేలతాం. ఆ మాట పేపర్లో తప్ప ఎవరి నోటా వినలేదు.

ఏటిగట్టు:
పాతకాపు గారూ, మాది భద్రాచలం. 2022 జులైలో ఇక్కడ గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అక్కణ్నుంచి 60కి దిగిందనుకోండి. మీరు ‘వరద తగ్గింది’ అని హెడ్డింగు పెడతారు. అది చదివి పునరావాస కేంద్రంలో ఉన్నవాళ్లు మూటలు సర్దుకుంటారు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు! అందుకే మా దగ్గర ‘తగ్గుముఖం పట్టింది’ అంటే ఒకటి, ‘తగ్గింది’ అంటే ఒకటి, ‘నీళ్లు తీశాయి’ అంటే మరొకటి. మూడోది వినబడ్డాకే చీపురు పట్టుకుని ఇంటికి వెళ్లేది. సబ్‌సైడ్‌కి సరైన తెలుగు ఈ ‘తీయడమే’. వరద తీస్తుంది, వాపు తీస్తుంది.

ఇగురుకూర:
నేను వంటల పేజీ నడుపుతాను. ‘రిడ్యూస్ ద సాస్’ని ‘సాస్ తగ్గించండి’ అని తెలుగు చేసిన వీడియో ఒకటి చూశాను. ఏం, నలుగురికి వడ్డించేది ఇద్దరికి వడ్డించాలా? దీనికి అచ్చమైన మాట మన కంచంలోనే ఉంది. ఇగరబెట్టడం! చేపల ఇగురు, రొయ్యల ఇగురు అంటే నీరంతా ఇగిరిపోయి ముక్కకు మసాలా పట్టిన కూర. మా అమ్మమ్మ కషాయానికి ‘నాలుగో వంతుకు రావాలి’ అని గిన్నె లోపల గరిటె నిలబెట్టి నీళ్ల ఎత్తు గుర్తుపెట్టుకునేది. ఇక్కడ నీరు పోవడం సంగతి కాదు, సారం చిక్కబడడం సంగతి. ‘తగ్గు’లో ఆ చిక్కదనం ఎక్కడుంది?

వడ్లబస్తా:
అన్నా, మీరంత ఇంగ్లీషు మాటలు లెక్కవెడ్తున్రు గని మా రైతులకు ఒక్కటే మాట భయం, ‘తరుగు’. వడ్లు కొనుగోలు కేంద్రంల కాంటా అయినంక గూడ మిల్లు కాడ తాలు ఉన్నదని, తేమ ఉన్నదని బస్తాకు కిలో, రెండు కిలోలు తరుగు తీస్తరు. నిరుడు నాకట్లనే తీసిన్రు. వడ్లు తగ్గినయా? తగ్గలే. ఎవడో తీసిండు. ఎండకు తేమ వోయి తూకం తగ్గుడు వేరు, కాగితం మీద తీసుడు వేరు, రెండిట్కీ అదే తరుగు అంటరు. పాతకాపు సార్ చెప్పిన ‘ఇంచు’ గిక్కడ పనికొస్తలేదు. బంగారం దుకాణంలనూ గంతే, నగ చేసేటప్పుడు వొయిందని తరుగు కడ్తరు.

కెమిస్ట్రీ టీచరమ్మ:
పొడుగుసందు గారూ, మీ అమ్మగారి సందేహమే మా పిల్లలకూ ఏటా వస్తుంది. రిడక్షన్‌కి మన పుస్తకాల్లో ‘క్షయకరణం’ అని ఉంటుంది. ఎలక్ట్రాన్లు చేరడం క్షయకరణం అని చెప్పగానే వెనక బెంచీ నుంచి “చేరితే క్షయం ఎలా టీచర్?” అని వస్తుంది. న్యాయమైన ప్రశ్నే కదా.

చిక్కు రిడ్యూస్‌లోనే ఉంది. లాటిన్‌లో దాని అసలు అర్థం ‘వెనక్కి తీసుకురావడం’. తగ్గడమనే అర్థం తర్వాత వచ్చి చేరింది. నల్లటి కాపర్ ఆక్సైడ్‌ను వేడిచేస్తూ దాని మీదుగా హైడ్రోజన్ పంపితే ఆక్సిజన్ పోయి ఎర్రటి రాగి మిగులుతుంది. రాగి మళ్లీ రాగి అయింది, అంటే వెనక్కి వచ్చింది. 79.5 గ్రాముల పొడికి 63.5 గ్రాముల లోహం వస్తుంది కాబట్టి బరువూ తగ్గింది. ఎలక్ట్రాన్ సంగతి బయటపడింది 1897లో, అప్పటికే ఈ పేరు స్థిరపడిపోయింది. ఎముకదీ ఇదే కథ, జరిగిన ముక్క వెనక్కి రావడం. ‘క్షయకరణం’ పెట్టినవాళ్లు బరువు వైపు చూశారు, రాగి వైపు చూడలేదు.

డిక్రీజ్ వేరే కుటుంబం. పెరగడానికి ఎదురు మాట అది. నెలవంకను క్రెసెంట్ అంటారే, ఆ ధాతువే. డిక్లైన్ అంటే కిందికి వాలడం. ‘పొద్దు వాలింది’ అంటున్నప్పుడు మనం చేస్తున్నది అదే.

డెస్కు పాతకాపు:
టీచరమ్మ గారికి దండం. ఇగురు దగ్గర నేను ఓడిపోయానని రాసుకోండి. వడ్లబస్తా తమ్ముడూ, నీ మాటా నిజమే.

అయినా డెస్కులో నేను చూసిన తప్పులు మాటలవి కావు, లెక్కలవి. ‘40 శాతం తగ్గింది’, ‘40 శాతానికి తగ్గింది’. ఒక్క ‘కి’ జారిపోతే, వంద కాస్తా నలభైకి రావాల్సింది అరవై దగ్గరే ఆగుతుంది. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 శాతం నుంచి 6.25 శాతానికి దించింది. అందరం ‘0.25 శాతం తగ్గింపు’ అనే రాశాం. 6.5లో 0.25 శాతం ఎంతో లెక్కేయండి, 0.02 కూడా రాదు. తగ్గింది పావు శాతం కాదు, పావు పర్సెంటేజ్ పాయింటు.

ఇంకోటి. 2022 ఏప్రిల్‌లో చిల్లర ద్రవ్యోల్బణం 7.79 శాతం, డిసెంబరుకు 5.72. ‘ద్రవ్యోల్బణం తగ్గింది’ అని రాసిన రోజు మా ఆవిడ పేపరు మడిచి, “మరి కందిపప్పు తగ్గలేదేం?” అంది. ధరలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, వేగమే పడిపోయింది. అక్కడ నేను ‘నెమ్మదించింది’ అని రాయాల్సింది. ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను.

ఏటిగట్టు:
మొత్తానికి మూడు మెట్లు దిగారు సార్. ఇవాళ్టికి నీటిమట్టం అక్కడ ఆపుదాం.

పొడుగుసందు:
‘మీ చెల్లింపు క్షీణించింది’ అని నిన్న ఒక యాప్ చెప్పింది. డిక్లైన్డ్ అంటే అక్కడ తిరస్కరించారని. బ్యాంకులో డబ్బు క్షీణించలేదు, నేనే క్షీణించాను.

ఇవాళ అమ్మను మళ్లీ చూపించడానికి తీసుకెళ్లాను. కొత్త ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి చూస్తున్న కుర్ర డాక్టరును అమ్మే అడిగింది: “ఎముక కుదిరిందా బాబూ?” ఆయన వెంటనే, “బాగా కుదిరిందమ్మా” అన్నాడు. ఇంటికొచ్చాక ఆ పాత కాగితం మీద, ఇంగ్లీషు లైను కింద పెన్నుతో రాసిపెట్టాను: ఎముక కుదిర్చి కట్టు వేశారు.

ఏటిగట్టు:
వాపు తీసిందా?

పొడుగుసందు:
తీసిందండీ. వేళ్లే ఇంకా బిగుసుకుని ఉన్నాయి.