పాత హస్క్‌వార్నా 372 ఎక్స్‌పీ చైన్‌సా (చెట్లు కోసే రంపం మిషన్) కొనొచ్చా? రిపేరుకు నిలుస్తుందా?

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా. సుబాబుల్, జామాయిల్ తోటలు నరికే పని మాది. హస్క్‌వార్నా 372 ఎక్స్‌పీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో అమ్మకానికి వచ్చింది. 70.7 సీసీ ఇంజను, మెగ్నీషియం క్రాంక్ కేసు. ఊడదీసి మళ్లీ బిగించుకోవడానికి వీలైన మిషన్ అని పేరుంది కాబట్టే దీనిమీద మనసు పడింది.

సైలెన్సర్ విప్పి టార్చి వేసి చూశాను. పిస్టన్ మీద ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు ఉన్నాయి, వేలిగోరుకు తగులుతున్నాయి. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతోంది. వేడెక్కాక మాత్రం ఐడిల్ నిలకడగా ఉండదు, రేజ్ దానంతటదే పెరిగిపోతోంది. క్రాంక్ ఆయిల్ సీల్ దగ్గరో, కార్బొరేటర్ వెనక రబ్బరు దగ్గరో గాలి లాగుతోందని నా అనుమానం. అదే నిజమైతే కొత్త పిస్టన్ వేసినా మళ్లీ పట్టేస్తుంది. ఒంగోలు, గుంటూరు వైపు గాలి ఎక్కడ లాగుతోందో తేల్చే ప్రెషర్, వ్యాక్యూమ్ టెస్ట్ చేసే మెకానిక్ ఎవరైనా ఉన్నారా?

సిలిండర్ గోడకు అంటిన పిస్టన్ అల్యూమినియం తీసేసి పాత సిలిండరే వాడుకోవచ్చా, లేక సిలిండర్, పిస్టన్ కలిపి కిట్ మొత్తం మార్చాలా? ఇది ఎక్స్‌టార్క్ (పొగ, ఇంధన ఖర్చు తగ్గించే హస్క్‌వార్నా ఇంజను రకం) రాకముందు మోడల్, ఆ సిలిండర్ దీనికి పనికిరాదు. డూప్లికేట్ కిట్లు చవగ్గా దొరుకుతున్నాయి గానీ, రోజంతా కోతలో ఉండే మిషన్‌కు అవి వేయాలంటే భయంగా ఉంది. వాడినవాళ్లు ఉంటే ఎంతకాలం ఆగాయో చెప్పండి. ఈ వారంలోనే అమ్మేవాడికి మాట చెప్పాలి.